గాంధీజీ ఇర్విన్‌కు రాసిన ఉత్తరం పక్కన పెట్టుకుని అర్జీ రాయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

అనంతపురం కలెక్టరేట్‌లో గానీ, కర్నూలులో గానీ, కడపలో గానీ జనం ఫిర్యాదులు వినే సోమవారం గ్రీవెన్స్‌కి వచ్చే అర్జీలు ఒక పది చదివితే చాలు, మిగతావి ఎలా ఉంటాయో చదవకుండానే చెప్పేయొచ్చు. "గౌరవనీయులైన కలెక్టర్ గారి దివ్య సముఖమునకు" అని మొదలవుతాయి, "నానా అవస్థలు పడుతున్నాము" అని నడుస్తాయి, "తగు చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థన" అని ముగుస్తాయి. అసలు సంగతి ఎక్కడో మూడో పేరాలో, నాలుగు దండాల వెనకాల దాక్కుని ఉంటుంది. ఆ మనుషుల బాధ నిజమే, తెల్లవారుజామున బస్సెక్కి, కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్ల బాధ అబద్ధం ఎందుకవుతుంది? కానీ కాగితం మీదికి వచ్చేసరికి అందరి బాధా ఒకే మాటల్లో పడి, ఎవరిది ఏదో తెలియకుండా పోతోంది. చూస్తుంటే నాకు నిజంగా కడుపు మండుతుంది.

అందుకే ఎవరైనా "నలుగురిని ఒప్పించేలా రాయడం ఎలా" అని అడిగితే నేను చెప్పేది ఒకటే. 1930 మార్చి 2న సబర్మతి ఆశ్రమం నుంచి గాంధీజీ వైస్రాయ్ లార్డ్ ఇర్విన్‌కు రాసిన ఉత్తరం తీసుకుని కూర్చోండి. ఉప్పు చట్టాన్ని ఎందుకు ధిక్కరించబోతున్నారో, ఎప్పుడు ధిక్కరించబోతున్నారో ముందే చెబుతూ రాసిన ఉత్తరం అది. గాంధీజీ సంపూర్ణ రచనల సంపుటాల్లో ఉంది, ఇంటర్నెట్‌లోనూ సులభంగా దొరుకుతుంది. ఇంగ్లీషు కొంచెం వస్తే చాలు, అంత తేలిగ్గా ఉంటుంది.

ఉప్పు అనగానే అది కోస్తా వాళ్ల గొడవ, మనకేం సంబంధం అనుకోకండి. సముద్రం లేని మన సీమలో కూడా చౌడు నేలల మట్టిని నానబెట్టి, ఆ నీటిని మరగబెట్టి ఉప్పు తీసిన రోజులున్నాయి, దాన్నే బతుకుతెరువుగా చేసుకున్న కుటుంబాలున్నాయి. ఇంగ్లీషు ప్రభుత్వం ఉప్పు మీద గుత్తాధిపత్యం కోసం ఆ పనినీ మాన్పించింది. ఆ ఉత్తరంలో గాంధీజీ "పేదవాడు" అన్నప్పుడు అందులో మన తాతముత్తాతలు కూడా ఉన్నారు.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. ఉత్తరం గురించి ఊరికే మెచ్చుకుంటే ఏమీ రాదు, ఒక అర్జీ చేతిలో పెట్టుకుని అడుగడుగునా పోల్చి చూసుకోవాలి. దానికోసం ఒక ఊరు ఊహించుకుందాం. అనంతపురం జిల్లాలో ఒక పల్లె, అందులో దిగువ కాలనీ, 62 ఇళ్లు. తాగునీటి బోరు మోటారు కాలిపోయింది. వాళ్ల మొదటి అర్జీ ఇలా ఉంది:

"మా కాలనీలో నీళ్లు లేక నానా అవస్థలు పడుతున్నాము. ఎన్నిసార్లు చెప్పినా అధికారులు పట్టించుకోవడం లేదు. పేదవాళ్లమని చిన్నచూపు చూస్తున్నారు. రోడ్డు కూడా బాగాలేదు, వీధి లైట్లు వెలగడం లేదు. కావున తమరు దయవుంచి తగు చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థన."

దీన్ని కొత్తగా రాయడమే మన పని.

ముందు ఉత్తరాన్ని మూడుసార్లు చదవండి

మొదటిసారి మామూలుగా, కథ చదివినట్టు చదివేయండి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని ప్రతి పేరా పక్కన ఆ పేరా ఏం చేస్తోందో ఒక్క ముక్కలో రాయండి. ఏం చెబుతోందో కాదు, ఏం చేస్తోందో. "ఎందుకు రాస్తున్నానో చెప్పాడు", "నీ మీద కోపం లేదన్నాడు", "లెక్క చూపించాడు", "తేదీ పెట్టాడు", "తలుపు తెరిచిపెట్టాడు", ఇట్లా. మూడోసారి ఇర్విన్ కుర్చీలో కూర్చుని చదవండి. ఏ వాక్యం దగ్గర మీకు రోషం వస్తుంది, ఎక్కడ సిగ్గనిపిస్తుంది, ఎక్కడ "అవును, ఇది నిజమే" అనిపిస్తుంది, అక్కడక్కడ గీత పెట్టండి. ఈ మూడో చదువు చాలామంది చేయరు, కానీ నేర్చుకోవాల్సిందంతా అందులోనే ఉంది. ఒప్పించడమంటే రాసేవాడి గుండెలో జరిగే పని కాదు, చదివేవాడి తలలో జరిగే పని.

మనిషిని వదిలి పనిని పట్టుకోండి

ఉత్తరం "ప్రియమైన మిత్రమా" అన్న పిలుపుతో మొదలవుతుంది, "మీ చిత్తశుద్ధి గల మిత్రుడు" అన్న సంతకంతో ముగుస్తుంది. మధ్యలో మాత్రం బ్రిటిష్ పాలన ఒక శాపం అని మొహమాటం లేకుండా రాశారు. ఆ మాట రాసిన చోటే, ఒక్క ఇంగ్లీషువాడికి కూడా హాని తలపెట్టనని రాశారు. ఇంగ్లీషువాళ్లు లోకంలో మిగతా జనం కంటే చెడ్డవాళ్లని తాను అనుకోవడం లేదనీ, వాళ్లలో తనకు ప్రాణ స్నేహితులున్నారనీ రాశారు.

ఇది మర్యాద కోసం పూసిన పూత అనుకుంటే పొరపాటు. ఒక మనిషిని నువ్వు చెడ్డవాడివి అన్నామంటే అతను వెంటనే తనను తాను కాపాడుకోవడంలో పడతాడు, మన మాట ఇక చెవికెక్కదు. ఈ ఏర్పాటు చెడ్డది, నువ్వు దాన్ని మార్చగలవు అంటే వినడానికి అతనికి చోటుంటుంది.

మన అర్జీలో "అధికారులు పట్టించుకోవడం లేదు", "చిన్నచూపు చూస్తున్నారు" అన్న రెండు వాక్యాలూ తీసేయండి. చాలామంది ఇక్కడే గింజుకుంటారు: "నిజమే కదా, ఎందుకు తీయాలి?" నిజమే కావచ్చు. కానీ మీ అర్జీ ఎంత పై అధికారికి ఇచ్చినా చివరికి తిరిగి ఏ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గరికో, ఏ పంచాయతీ కార్యదర్శి దగ్గరికో వస్తుంది. తన మీద ఫిర్యాదు తన చేతికే వచ్చినప్పుడు మనిషి ఏం చేస్తాడు? సంజాయిషీ రాస్తాడు. మీకు కావాల్సింది సంజాయిషీనా, మోటారా? కావాలంటే జరిగింది జరిగినట్టు రాయండి: "ఏప్రిల్ 5న ఏఈ గారు వచ్చి చూశారు, మోటారు పనికిరాదని చెప్పారు." నింద లేదు, నిజం పూర్తిగా ఉంది, పైగా ఆయన మాట ఆయనే కాదనలేడు.

అలాగని కాళ్లమీద పడొద్దు. "దివ్య సముఖం", "మహారాజశ్రీ", "తమ పాదపద్మములకు" ఇవన్నీ చదివేవాడిని కదిలించవు, చదవకుండా దాటేసేలా చేస్తాయి. "అయ్యా" లేదా "కలెక్టర్ గారికి నమస్కారం" చాలు. వైస్రాయ్ అంతటివాడిని మిత్రమా అని పిలిచిన మనిషి ఉత్తరం చదువుతూ మనం జిల్లా అధికారికి సాష్టాంగం పెట్టడం ఏం బాగుంటుంది?

మొదటి వాక్యంలోనే చెప్పేయండి

గాంధీజీ మొదటి వాక్యంలోనే తేల్చేశారు. శాసనోల్లంఘనకు దిగబోతున్నాననీ, ఇన్నేళ్లూ భయపడుతూ వచ్చిన ఆ సాహసం చేసే ముందు మీతో మాట్లాడి దారి వెతుకుదామని రాస్తున్నాననీ చెప్పారు. విషయం, ఉద్దేశం, అవకాశం, మూడూ ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి.

మన గ్రీవెన్స్‌లో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. అర్జీ కౌంటర్ దగ్గర ఇచ్చినప్పుడు అక్కడి ఆపరేటర్ మీ రెండు పేజీలూ టైప్ చేయడు. వెనక క్యూ ఉంటుంది, టోకెన్ల మీద టోకెన్లు పడుతుంటాయి. అతను పైనుంచి కిందికి ఒకసారి చూసి, తనకు అర్థమైనది ఒకటి రెండు వాక్యాల్లో కంప్యూటర్‌లో ఎక్కించి రసీదు ఇస్తాడు. సంబంధిత శాఖ వాళ్లకు ముందు కనిపించేది ఆ వాక్యమే. మీరు రాయకపోతే దాన్ని అతను రాస్తాడు, "నీటి సమస్య" అని రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. కాబట్టి అతను అచ్చం ఎక్కించుకోదగిన వాక్యం మీరే పైన రాసి పెట్టండి:

"దిగువ కాలనీలో తాగునీటి బోరు మోటారు కాలిపోయి 62 ఇళ్లకు నీళ్లు ఆగిపోయాయి. కొత్త మోటారు బిగించాలని, అది బిగించేదాకా రోజుకు 5,000 లీటర్ల ట్యాంకర్లు 3 పంపాలని కోరుతున్నాం."

కింద చెప్పేదంతా ఈ రెండు వాక్యాలకు బలం ఇవ్వడానికే.

ఒక్కదాన్నే అడగండి

ఇది అన్నిటికంటే కష్టమైన అడుగు. 1930 జనవరి చివర్లో గాంధీజీ తన పత్రికలో 11 డిమాండ్లు పెట్టారు. భూమి శిస్తు సగానికి తగ్గించాలి, సైనిక ఖర్చు తగ్గించాలి, మద్యపాన నిషేధం కావాలి, ఉప్పు పన్ను ఎత్తేయాలి, ఇట్లా. ఇర్విన్‌కు రాసిన ఉత్తరంలో శిస్తు, మద్యం ఆదాయం, సైనిక ఖర్చు అన్నిటి ప్రస్తావనా ఉంది. కానీ అడుగు వేయడానికి వచ్చేసరికి ఉప్పు ఒక్కదాన్నే పట్టుకున్నారు.

ఉప్పే ఎందుకు? ఉత్తరంలోనే సమాధానం ఉంది. బతకడానికి తినక తప్పని వస్తువు మీద పన్ను వేశారు, అది ధనికుడికీ పేదవాడికీ ఒకే రేటు. పైగా ఒళ్లు వంచి పనిచేసే పేదవాడికే ఉప్పు ఎక్కువ కావాలి, అంటే బరువంతా అతని మీదే. ఈ మాట రైతుకు అర్థమవుతుంది, లాయరుకు అర్థమవుతుంది, లండన్‌లో పేపర్ చదివేవాడికీ అర్థమవుతుంది. అప్పట్లో కాంగ్రెస్‌లో పెద్దపెద్దవాళ్లే ఉప్పేమిటి అని ముఖం చిట్లించారు, తర్వాత ఏమైందో మనకు తెలుసు.

కాబట్టి మన అర్జీలోంచి రోడ్డు తీసేయండి, లైట్లు తీసేయండి. వాటికి వేరే కాగితం. ఒక అర్జీలో మూడు శాఖల పనులుంటే ఎవరికి వారు అది రెండోవాడి పని అనుకుంటారు. ఏది ఎంచుకోవాలో తెలియకపోతే ఇలా చూసుకోండి: రేపు పొద్దున అది జరిగితే ఎక్కువ ఇళ్లలో పొయ్యి వెలిగేది దేనివల్ల? దాన్ని ముందు రాయండి.

లెక్క చెప్పండి, కానీ తగ్గించి చెప్పండి

ఈ ఉత్తరంలో నాకు ప్రాణమైన భాగం ఇది. పాలన ఖర్చు ఎక్కువైందని గాంధీజీ ఊరికే అనేసి ఊరుకోలేదు. ఇర్విన్ జీతమే తీసుకున్నారు. మీ జీతం నెలకు 21,000 రూపాయల పైన. అంటే రోజుకు 700 రూపాయల పైన. భారతీయుడి సగటు ఆదాయం రోజుకు 2 అణాల కంటే తక్కువ. అదే బ్రిటన్ ప్రధానమంత్రి రోజుకు 180 రూపాయలు తీసుకుంటున్నాడు, అక్కడి మనిషి సగటు ఆదాయం రోజుకు దాదాపు 2 రూపాయలు. కాబట్టి మీరు సగటు భారతీయుడి కంటే 5,000 రెట్లకు బాగా పైన తీసుకుంటున్నారు, మీ ప్రధాని తన దేశంలో సగటు మనిషి కంటే 90 రెట్లు మాత్రమే తీసుకుంటున్నాడు.

కాగితం తీసుకుని ఆ లెక్క మీరే చేయండి. రూపాయికి 16 అణాలు, కాబట్టి 2 అణాలంటే రూపాయిలో ఎనిమిదో వంతు. 700ను 8తో హెచ్చవేస్తే 5,600 వస్తుంది. ఆదాయం 2 అణాల కంటే తక్కువే అన్నారు కాబట్టి అసలు సంఖ్య ఇంకా ఎక్కువే. అయినా ఆయన 5,600 అనలేదు, ఆరు వేలనీ అనలేదు, 5,000కు బాగా పైన అని వదిలేశారు. చదివేవాడు తప్పు పట్టాలని లెక్క చేసుకుంటే అతనికే ఎక్కువ తేలుతుంది, అప్పుడు రాసినవాడి మీద నమ్మకం కుదురుతుంది. మనం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు: 62 ఇళ్లుంటే "వందల కుటుంబాలు" అంటాం, రెండు వారాలైతే "నెలల తరబడి" అంటాం. ఏఈ వచ్చి 62 ఇళ్లే లెక్కపెట్టుకున్నాడంటే మిగతా అర్జీ అంతా కొట్టుకుపోతుంది.

ఇంకోటి గమనించండి. జీతం లెక్క చెప్పి ఆపేసి ఉంటే అది వ్యక్తిగత దాడి అయ్యేది. వెంటనే ఆయన రాశారు: ఒక బాధాకరమైన నిజం అర్థం కావడానికి మీ ఉదాహరణ తీసుకున్నాను, మీ మనసు నొప్పించడం నా ఉద్దేశం కాదు, మీకు ఆ జీతం అవసరం లేదని నాకు తెలుసు, బహుశా అదంతా దానధర్మాలకే పోతుండొచ్చు, కానీ ఇలాంటి ఏర్పాటును పాటించే వ్యవస్థను తీసి పారేయాల్సిందే. కత్తి దించిన చోటే మందు రాసినట్టు. ఇంత ధైర్యం, ఇంత మెత్తదనం ఒకే పేరాలో చూడడం అరుదు.

మన కాలనీ లెక్క కట్టుకుందాం. ఇంటికి రోజుకు 8 బిందెలు. ప్లాస్టిక్ బిందె 15 లీటర్లు అనుకుంటే 120 లీటర్లు. నీళ్లు దొరికే రైతు బోరు 700 మీటర్ల దూరం. నెత్తిన ఒకటి, చంకన ఒకటి, విడతకు రెండు బిందెలు. నాలుగు విడతలు పోయి రావాలి. ఒక్కో విడత రానూపోనూ 1,400 మీటర్లు, నాలుగింటికి 5,600 మీటర్లు. దీన్ని "5 కిలోమీటర్ల పైన" అని రాయండి, అందులో సగం దూరం 30 లీటర్ల బరువుతో అని చేర్చండి. "నానా అవస్థలు" అన్న మాటలో లేని ఆడమనిషి ఇక్కడ నడుస్తూ కనిపిస్తుంది.

వాళ్ల కాగితాన్నే వాళ్లకు చూపించండి

బ్రిటిష్ పాలన చెడ్డదని తాను తెలుసుకున్నది చాలావరకు నిజం చెప్పడానికి వెనుకాడని ఇంగ్లీషువాళ్ల రాతల వల్లనేనని గాంధీజీ ఆ ఉత్తరంలో రాశారు. అంటే సాక్షులు మనవాళ్లు కాదు, మీవాళ్లే. దీనికి ఎదురు చెప్పడం కష్టం.

మనకు ఆ సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? గ్రామసభ తీర్మానంలో, సచివాలయం గోడమీద అంటించిన జాబితాలో, ఏదైనా పథకం మార్గదర్శకాల్లో. నీళ్ల విషయంలో, పల్లెల్లో ఇంటింటికీ కొళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. నలుగురున్న ఇంటికి 220. మన కాలనీ వాళ్లు మోసుకుంటున్నది 120, అంటే సగానికి కొంచెం పైన. 62 ఇళ్లకు ఇంటికి 220 చొప్పున 13,640 లీటర్లు కావాలి, 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు వస్తే సరిపోతుంది. చూశారా, మూడు ట్యాంకర్లు అన్న కోరిక ఎక్కడినుంచో ఊడిపడలేదు, ప్రభుత్వం లెక్కలోంచే వచ్చింది. ఎక్కువ అడుగుతున్నారని అనడానికి ఎవరికీ నోరు రాదు.

ఎదురు ప్రశ్న వాళ్లు అడిగేలోపు మీరే అడగండి

గాంధీజీ తన మీద రాగల ప్రతి అభ్యంతరాన్నీ ముందే ఎత్తుకున్నారు. అహింసతో దిగడం పిచ్చి సాహసం కదా అంటారా, అవును, దాన్ని పిచ్చి సాహసం అనడం సబబే అని ఒప్పుకున్నారు. నన్ను అరెస్టు చేసి ఆపొచ్చు కదా అంటారా, చేయొచ్చు, కానీ నా వెనక ఆ పని అందుకోవడానికి వేలాదిమంది క్రమశిక్షణతో సిద్ధంగా ఉంటారని ఆశిస్తున్నాను అన్నారు.

మన అర్జీకి రాగల ఎదురు ప్రశ్నలు రెండే: "బోరులో నీళ్లున్నాయా, మోటారు వేసినా దండగేనా?", "పంచాయతీలోనే చేసుకోవచ్చు కదా, ఇక్కడిదాకా ఎందుకు?" అనంతపురం జిల్లాలో మొదటి ప్రశ్న తప్పకుండా వస్తుంది, ఎండిపోయిన బోర్లు చూసి చూసి వాళ్లకూ విసుగొచ్చి ఉంటుంది. కాబట్టి "బోరులో నీళ్లున్నాయి, మోటారు కాలిన రోజు పొద్దునదాకా ట్యాంకు నిండింది, కొత్త బోరు అవసరం లేదు" అని ఒక వాక్యం. "పంచాయతీలో అడిగాం, నిధులకు పై అనుమతి కావాలన్నారు, ఆ అనుమతి కోసమే వచ్చాం" అని ఇంకో వాక్యం. అంతే, దీన్ని సాగదీయొద్దు.

తలుపు తెరిచి ఉంచండి, తేదీ కూడా పెట్టండి

ఈ రెండూ కలిసే ఉండాలి. తేదీ లేని మర్యాద బతిమాలుడు అవుతుంది, తలుపు లేని తేదీ బెదిరింపు అవుతుంది.

ఉత్తరం చివర్లో గాంధీజీ రాసింది చూడండి. ఈ అన్యాయాలను సరిచేసే దారి మీకు కనిపించకపోతే, నా ఉత్తరం మీ హృదయాన్ని తాకకపోతే, ఈ నెల 11న ఆశ్రమవాసులను తీసుకుని ఉప్పు చట్టాన్ని ధిక్కరించడానికి బయలుదేరతాను అన్నారు. (నడక 12వ తేదీ పొద్దున మొదలైంది, 78 మందితో.) ఎప్పుడో, ఎవరితోనో, ఏం చేస్తారో అన్నీ చెప్పేశారు, దాచిందేమీ లేదు. ఆ పక్కనే, మీరు నాతో చర్చించాలనుకుంటే, అందుకోసం ఈ ఉత్తరం ప్రచురించడం ఆపమంటే, ఒక టెలిగ్రాం కొట్టండి, సంతోషంగా ఆపేస్తాను అన్నారు. ఇది ఏ విధంగానూ బెదిరింపు కాదని, సత్యాగ్రహి బాధ్యతగా ముందే తెలియజేస్తున్నానని కూడా రాశారు.

ఒప్పుకోవడానికి ఇర్విన్ చేయాల్సిందల్లా ఒక టెలిగ్రాం. మీ అర్జీలో కూడా ఒప్పుకోవడం అంత సులువుగా ఉండాలి. "తగు చర్యలు" అంటే అధికారి కూర్చుని ఆ చర్య ఏమిటో తానే ఆలోచించుకోవాలి, అంత తీరిక ఎవరికుంది? "మోటారుకు అనుమతి ఇవ్వండి, అంతదాకా మూడు ట్యాంకర్లు" అంటే పెన్ను తీసి సంతకం పెట్టడమే మిగులుతుంది. ఎవరైనా చూడ్డానికి వస్తే ఎవరికి ఫోన్ చేయాలో, ఏ వేళకు వస్తే మనుషులుంటారో కూడా రాయండి.

తేదీ తర్వాత ఏం చేస్తారన్నది మీరు నిజంగా చేయగలిగిందే రాయండి. "ఆమరణ దీక్షకు కూర్చుంటాం", "రోడ్డు దిగ్బంధం చేస్తాం" అని రాసి చేయకపోతే మీ తర్వాతి అర్జీకి విలువ ఉండదు. ఇంటికొకరు చొప్పున వచ్చి కలుస్తాం అనండి, రండి. గాంధీజీ వస్తానన్నారు, వచ్చారు. ఏప్రిల్ 6న దండి ఒడ్డున వంగి ఉప్పు పిడికిట్లోకి తీసుకునేసరికి ఆ ఉత్తరంలోని ప్రతి మాటకూ విలువ వచ్చింది.

ఎవరి చేత పంపాలి

ఆ ఉత్తరాన్ని వైస్రాయ్ దగ్గరికి తీసుకెళ్లింది రెజినాల్డ్ రెనాల్డ్స్ అనే ఇంగ్లీషు యువకుడు. కావాలనే పంపారు, ఆ సంగతి ఉత్తరంలోనే రాశారు కూడా. ఇది జాతి వైరం కాదు అని వేరే చెప్పనక్కర్లేకుండా తెచ్చిన మనిషే చెప్పేశాడు. మన నీళ్ల అర్జీని ఇవ్వడానికి ఊళ్లో పెద్దమనిషినో, పార్టీ మనిషినో ముందు పెట్టడం మన అలవాటు. నా మాట విని బిందెలు మోసే ఇద్దరు ఆడవాళ్లను ముందుంచండి. రైతు బోరు ఇస్తున్న ఆయన వస్తానంటే ఇంకా మంచిది, ఆయనకు ఇందులో లాభం ఏమీ లేదు కాబట్టి ఆయన మాటకు బరువుంటుంది.

ఇప్పుడు మొత్తం కలిపి

"అయ్యా, నమస్కారం.

దిగువ కాలనీలో తాగునీటి బోరు మోటారు కాలిపోయి 62 ఇళ్లకు నీళ్లు ఆగిపోయాయి. కొత్త మోటారు బిగించాలని, అది బిగించేదాకా రోజుకు 5,000 లీటర్ల ట్యాంకర్లు 3 పంపాలని కోరుతున్నాం.

మోటారు ఏప్రిల్ 3న కాలింది. అప్పటినుంచి 700 మీటర్ల దూరంలో ఉన్న ఒక రైతు బోరు దగ్గర నీళ్లు పట్టుకుంటున్నాం. ఆయన కాదనకుండా ఇస్తున్నారు, కానీ కరెంటు ఉన్నంతసేపే ఇవ్వగలరు, ఆయన చేనూ తడవాలి. ఇంటికి 8 బిందెల కోసం ఒక్కో ఆడమనిషి రోజూ 5 కిలోమీటర్ల పైన నడుస్తోంది, అందులో సగం దూరం 30 లీటర్ల బరువుతో.

8 బిందెలంటే 120 లీటర్లు. జల్ జీవన్ మిషన్ ప్రకారం మనిషికి 55 లీటర్ల చొప్పున నలుగురున్న ఇంటికి 220 లీటర్లు రావాలి.

ఏప్రిల్ 5న ఏఈ గారు, పంచాయతీ కార్యదర్శి గారు వచ్చి చూశారు. మోటారు పనికిరాదని, కొత్తదానికి పై అనుమతి కావాలని చెప్పారు. ఆ అనుమతి కోసమే ఈ అర్జీ. బోరులో నీళ్లున్నాయి, కొత్త బోరు అవసరం లేదు.

ఎవరైనా చూడ్డానికి వస్తే పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య రమ్మని మనవి, ఆ వేళకు కాలనీ అంతా బిందెలతో దారిలోనే ఉంటుంది. ఏప్రిల్ 20లోగా పని మొదలు కాకపోతే 21న ఇంటికొకరం వచ్చి తమరిని కలుస్తాం.

ఇట్లు, దిగువ కాలనీ నివాసులు."

కింద సంతకాలు, వేలిముద్రలు, ఇంటి నంబర్లు. ఒక పేజీ దాటలేదు. ఒకసారి పైకి చదవండి, ఊపిరి ఆడని చోట వాక్యం విరగ్గొట్టండి. ఆ తర్వాత ఊళ్లో ఈ గొడవ తెలియని ఒకరికి వినిపించి "ఏం అడుగుతున్నాం?" అనండి. ఠక్కున చెప్పలేకపోతే మొదటి పేరా మళ్లీ రాయాల్సిందే.

జవాబు సరిగా రాకపోతే

ఇంత గొప్ప ఉత్తరానికి ఇర్విన్ ఇచ్చిన జవాబు మూడు నాలుగు పంక్తులు, అదీ కార్యదర్శి చేత. చట్టాన్ని ఉల్లంఘించే, శాంతికి భంగం కలిగించే పని తలపెట్టినందుకు విచారిస్తున్నామని. మోకరిల్లి రొట్టె అడిగితే రాయి ఇచ్చారని గాంధీజీ అన్నారు. మరి ఆ ఉత్తరం పనిచేయనట్టేనా? అది ఇర్విన్ ఒక్కడి కోసం రాసింది కాదు. పత్రికలో అచ్చవుతుందని తెలిసే రాశారు కాబట్టి దేశం చదివింది, విదేశాల్లో చదివారు. ఏడాది తిరిగేసరికి, 1931 మార్చి 5న, అదే ఇర్విన్ గాంధీజీతో ఒప్పందం మీద సంతకం పెట్టాడు. సముద్ర తీర గ్రామాల వాళ్లు తమ వాడకానికి ఉప్పు తయారు చేసుకోవచ్చన్నది అందులో ఒక అంశం.

మీ అర్జీకీ రెండో పాఠకుడు ఉంటాడని తలచుకుని రాయండి. అది స్థానిక విలేకరి కావచ్చు, తర్వాత వచ్చే అధికారి కావచ్చు, కోర్టు కావచ్చు. అందుకే ఇచ్చే ముందు కాపీ తీసుకోండి, రసీదు నంబర్ ఆ కాపీ మీదే రాసుకోండి. "సమస్య పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చి మోటారు మాత్రం రాలేదనుకోండి, కోపంతో కొత్తగా నాలుగు పేజీలు రాయొద్దు. మూడు వాక్యాలు చాలు: ఫలానా నంబర్ అర్జీ ఫలానా తేదీన ఇచ్చాం, పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది, ఈ రోజుకీ మోటారు బిగించలేదు. దాంతోపాటు ఖాళీ మోటారు గది ఫోటో ఒకటి, పాత అర్జీ కాపీ ఒకటి. దానికీ కదలిక లేకపోతే, ఆ అర్జీ మీద ఎవరు ఏ తేదీన ఏం చేశారో ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద అదే శాఖ సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లోగా జవాబు ఇవ్వాలి. ఆ దరఖాస్తులో మాత్రం బాధ గురించి ఒక్క ముక్క కూడా వద్దు, ప్రశ్నలే ఉండాలి, ఒక్కో ప్రశ్నకు ఒక్కో నంబర్ వేసి.